ప్రాతరాశము – మన డెల్టా విద్యార్థి

ఉదయమున తొలిసారిగా భుజించు ఆహారమునకు మన రెండు భాషలలోను ముచ్చటయైన పేర్లు కలవు. ఉర్దూలో దానిని 'నాష్తా' యందురు. ఈ మాట ఫారసీనుండి వచ్చినది. తెల్లవారినది మొదలు ఏమియు తినక పరగడుపున నున్నవాడు అని ఫారసీలో దానికి అర్థము. కాలక్రమమున ఆకలిని తెలుపు మాటయే ఆకలిని తీర్చు వస్తువునకు పేరైనది. ఆంగ్లేయుల 'బ్రేక్‌ఫాస్ట్'కును ఉపవాసమును విరమించుట యనియే అర్థము. తెలుగువారు మాత్రము ఆకలిని గాక అన్నమునే చూచి పేరు పెట్టిరి. రాత్రి మిగిలి చల్లబడిన అన్నము 'చల్ది'. అదియే వాడుకలో 'చద్ది'. పోతనామాత్యుని భాగవతములో బాలకృష్ణుడు గోపబాలురతో కూడి ఆరగించినది ఈ చల్దియే. సంస్కృతజ్ఞులు 'ప్రాతరాశ' మనిరి. పిమ్మట 'టిఫిన్' వచ్చినది. అది మన దేశమున నుండిన ఆంగ్లేయులు మధ్యాహ్నపు చిరుభోజనమునకు వాడుకొనిన మాట. మన హోటళ్ళు దానిని ప్రొద్దుటికి మార్చుకొన్నవి. పేర్లు ఇన్ని యున్నను మన విద్యార్థులలో పలువురికి ఉదయమున వీనిలో ఏదియు లభించుట లేదు, ఆ ఫారసీ అర్థములోని నాష్తా తప్ప.

ఇది అతిశయోక్తి కాదు. మన తరగతులలో కూర్చుండువారిలో పట్టణవాసులు కొందరే. తక్కినవారు లంక గ్రామములనుండియు, కాలువగట్ల వెంబడి పల్లెలనుండియు వత్తురు. పంటు మీద రేవు దాటి, తొలి బస్సు నందుకొని, మరల ఆటో యెక్కి తొమ్మిది గంటలకు తరగతిలో నుండవలెనన్నచో ఆరు గంటలకే ఇల్లు విడువవలెను. ఆ వేళకు వంట ముగిసిన ఇల్లు ఎన్ని యుండును? తల్లి సహితము కూలికో, చేపల బజారుకో, మరియొకరి యింటి పనికో బయలుదేరుచుండును. ఒక గ్లాసెడు తేనీరు, ఉన్నచో రెండు బిస్కట్లు. అంతటితో సరి. రాత్రి ఎనిమిది గంటలకు అన్నము తిన్న విద్యార్థి మరల అన్నము చూచునది మధ్యాహ్నము ఒంటిగంటకు. నడుమ గడచినవి పదునేడు గంటలు. ప్రార్థనా సమావేశమున కళ్ళు తిరిగి కూలబడిన బాలికను చూచి 'ఎండ దెబ్బ' యని మనము సరిపెట్టుకొనుచున్నాము. డిసెంబరు మాసమున గూడ ఆ కారణమునే చెప్పుచుండుట విడ్డూరము.

ఈ పదునేడు గంటలలో శరీరమున జరుగునదేమో కొంత తెలిసికొనుట అవసరము. మెదడు బరువు శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే. అయినను విశ్రాంతిలో నున్న శరీరము ఖర్చు పెట్టు శక్తిలో ఐదవవంతు దానికే పోవును. అది సామాన్యముగా కోరునది గ్లూకోజు. దినమునకు సుమారు 120 గ్రాములు. మనము నిద్రించునపుడు కాలేయము తనలో దాచుకొనిన గ్లైకోజెనును, అనగా సుమారు 100 గ్రాముల పిండిపదార్థమును, కొంచెము కొంచెముగా గ్లూకోజుగా మార్చి రక్తమునకు అందించుచుండును. తెల్లవారునప్పటికి ఆ నిలువ చాలవరకు తరిగిపోవును. అటుపైన శరీరము క్రొవ్వును కరిగించియు, కండలలోని మాంసకృత్తులను విడగొట్టియు పని నడపుకొనును. పుష్టిగల దేహమునకు ఇది పెద్ద కష్టము కాదు. ఇంటి గాదెలో ధాన్యమున్నవానికి ఒకనాడు సంతకు పోకున్నను గడచును గదా! గాదెయే ఖాళీగా నున్నవాని సంగతి వేరు.

ఈ భేదమును గుర్తింపకుండుటచేతనే ప్రాతరాశమును గూర్చి లోకమున ఇంత వాదము నడచుచున్నది. దినములోని భోజనములన్నిటిలో ఉదయపు భోజనమే ముఖ్యమైనదను మాటను పత్రికలలో తరచు చూతుము. ఇది ఋషివాక్యము కాదు. 1917లో అమెరికాలోని బాటిల్ క్రీక్ అను ఊరినుండి వెలువడిన ఒక ఆరోగ్య పత్రిక ద్వారా ప్రచారమునకు వచ్చినది. ఆ పత్రికకు సంపాదకుడు జాన్ హార్వే కెల్లాగ్. మొక్కజొన్న అటుకుల తయారీతో ముడివడిన కెల్లాగ్ అను పేరు అదియే. అటుకులు అమ్ముకొను ఇంటివారు ఉదయపు భోజనమును పొగడుటలో వింత యేమున్నది? 2019లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 13 ప్రయోగముల ఫలితములను కూర్చి పరిశీలించి, ఉదయమున తినినంత మాత్రమున స్థూలకాయులు బరువు తగ్గుదురను నమ్మకమునకు ఆధారము లేదని తేల్చిరి. దీనిని చదివి మన విద్యార్థులు కొందరు, పట్టణపు యువతులు ముఖ్యముగా, 'ప్రొద్దుట తినకున్నను నష్టము లేదట' యని సంతోషించుచున్నారు. ఆ ప్రయోగములలో పాల్గొన్నవారు ఎవరు? సంపన్న దేశములలో కడుపునిండ తిను పెద్దలు. వారికి వర్తించునది సఖినేటిపల్లి రేవులో పంటు కొరకు నిలువబడిన బాలికకు వర్తించునా?

మన పరిస్థితికి దగ్గరగా నున్న పరిశోధన జమైకా ద్వీపమున జరిగినది. 1989లో సిమియన్, గ్రాంథామ్-మెక్‌గ్రెగర్ అను ఇరువురు పరిశోధకులు ప్రకటించిన ఫలితము గమనింపదగినది. ఉదయపు ఆహారము లేని దినమున, పుష్టిగల బాలుర బుద్ధి పరీక్షలలో చెప్పుకొనదగిన తగ్గుదల కనబడలేదు. పూర్వము పోషణ చాలక గిడసబారిన బాలురు మాత్రము వెనుకబడిరి. పిమ్మట 1998లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో పల్లెటూళ్ళలోని 16 పాఠశాలలకు చెందిన 814 మంది పిల్లలను రెండు పాయలుగా విభజించి, ఒక పాయకు ఒక విద్యాసంవత్సరము పొడుగునా బడిలో ఉదయాహారము పెట్టిరి. రెండవ పాయకు నారింజపండులో నాల్గవవంతు ముక్కను మాత్రమే యిచ్చి, ఆదరణ మాత్రము సమానముగా చూపిరి. ఆహారము తిన్నవారి హాజరు కొంత పెరిగినది. వారిలో చిన్న తరగతులవారు గణితమున మెరుగైరి. పెరుగుదల బ్రహ్మాండమైనది కాదు, కొద్దిపాటిదే. పరిశోధకులు దానిని ఉన్నదున్నట్లు చెప్పుటచేతనే మాకు ఆ ఫలితముపై విశ్వాసము కుదిరినది. ఉదయాహారము అందరికిని ఒకే విధముగా అవసరము కాదు. దేహములో నిలువలు తక్కువగా నున్నవారికి అది అత్యవసరము. అట్టివారే మన కళాశాలలో అధికముగా నున్నారు.

అన్నపూర్ణ యని పేరుపడిన గోదావరి డెల్టాలో నిలువలు తక్కువగుట యెట్లు అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము మన జిల్లాల చరిత్రలోనే కలదు. అది విచిత్రమైన చరిత్ర. పాఠ్యపుస్తకములలో తగిన చోటు పొందని చరిత్ర.

ధవళేశ్వరమున సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట నిర్మాణము 1847లో ప్రారంభమై 1852లో ముగిసినది. కరవుతో, ఉప్పెనలతో చితికిన సీమ వరిచేల సముద్రమైనది. ఇది అందరమును ఎరిగిన భాగము. ఎరుగని భాగము మరియొకటి కలదు. ఉత్తర సర్కారులని పిలువబడిన ఈ తెలుగు తీరప్రాంతము బెరిబెరి వ్యాధికి వైద్య గ్రంథములలో చిరకాలము ప్రసిద్ధి వహించినది. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, నడక తప్పి, తుదకు గుండె ఆగిపోవు వ్యాధి యది. 1835లోనే మాల్కంసన్ అను సైనిక వైద్యుడు మద్రాసులో దానిపై ఒక గ్రంథము ప్రకటించెను. కారణము అప్పటికి ఎవరికిని అంతుపట్టలేదు. గాలి యనిరి, నేల యనిరి, సముద్రపు తేమ యనిరి. పందొమ్మిదవ శతాబ్ది చివర జావా ద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు తెల్లగా పాలిషు పట్టిన బియ్యపు అన్నము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుటయు, తవుడు పెట్టినపుడు తిరిగి లేచి నడచుటయు చూచెను. ఆ కృషికి 1929లో నోబెల్ బహుమానము లభించినది. తవుటిలో నున్నది థయమిన్, అనగా బి1 విటమిను.

అటుపైన మన సంగతి విశదమైనది. ఆడువారు రోటిలో దంచిన బియ్యమున తవుడు కొంత నిలిచియుండెడిది. ఇరువదవ శతాబ్దిలో మరలు వ్యాపించి, మల్లెమొగ్గలవంటి బియ్యము గౌరవ చిహ్నమైనది. తమిళ దేశమున పలువురు వడ్లను ఉడికించి ఎండబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యము తినెడివారు. ఉడికించునపుడు విటమిను గింజ లోపలికి ఇంకుటచే మర దానిని పూర్తిగా హరింపలేకపోయినది. మనము పచ్చిబియ్యము తినువారము. దానిని బాగుగా కడిగి, ఎసట ఉడికించి, గంజి వార్చి పారబోసితిమి. మరలో పోగా మిగిలినది కడుగునీటను, గంజిలోను పోయినది. తల్లి దేహమున థయమిన్ లేనిచో చనుబాలలోను లేదు. రెండు మూడు మాసముల పసికందులు, చూచుటకు బొద్దుగా నున్నవారే, హఠాత్తుగా మరణించుచుండిరి. మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతములో శిశుమరణములను గూర్చి ఏక్రాయిడ్, కృష్ణన్ అనువారు 1941లో ప్రకటించిన పరిశోధన దీనిని గూర్చినదే. పంట పుష్కలముగా నున్న సీమలో, అన్నము తినుచున్న ఇండ్లలో, పాలు కుడుచుచున్న బిడ్డలకు పోషణలోపము!

1918లో కూనూరులోని పాశ్చర్ సంస్థయందు మెకారిసన్ అను వైద్యుడు ఒక గదిలో ఆరంభించిన పరిశోధన ఈ బెరిబెరి కొరకే. ఆ చిన్న ప్రయోగశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. భారతదేశపు పోషకాహార శాస్త్రమునకు పురుడు పోసినది వరి తిను ప్రజల వ్యాధి యని చెప్పుటలో దోషము లేదు.

ఇప్పుడు మన పూర్వుల ఉదయాహారమును చూడుడు. వార్చిన గంజిని పారబోయక కుండలో పోసి పులియనిచ్చెడివారు. అదియే తరవాణి. మరునాడు ప్రొద్దున ఆ పుల్లని నీటిలో అన్నము కలుపుకొని, ఉల్లిపాయయో ఊరుమిరపకాయయో నంజుకొని పొలమునకు పోయెడివారు. వంటలో పోయినదానిలో కొంత ఆ కుండ తిరిగి ఇచ్చుచుండెను. విటమిను పేరు వారెరుగరు, పొదుపు ఎరుగుదురు. తెల్లబియ్యము వచ్చి, స్టీలు గిన్నెలు వచ్చి, తరవాణి కుండ పేదరికమునకు గుర్తు యను భావము వచ్చి, అది వంటింటి మూలనుండి మాయమైనది. నేడు బెరిబెరి మన వీధులలో కనబడదు. ఆహారమున వైవిధ్యము పెరిగినది, వైద్యము పెరిగినది. అయినను ఆ కాలపు అలవాటు, తెల్లని అన్నముతో కడుపు నింపుకొని అదియే భోజన మనుకొనుట, మనలను విడువలేదు.

ఇచట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. చద్దన్నమును గూర్చి ఈ మధ్య మితిమీరిన ప్రశంసలు వినబడుచున్నవి. రాత్రి నానబెట్టిన అన్నములో తెల్లవారునప్పటికి ఇనుము ఇరువది రెట్లు పెరుగునని చరవాణులలో ఒకరికొకరు పంపుకొనుచున్నారు. రసాయన శాస్త్రము చదివిన విద్యార్థి దీనిని నమ్మరాదు. ఇనుము మూలకము, మంచినీటి కుండలో అది పుట్టదు. జరుగునది వేరు. ధాన్యములోని ఫైటేటు అను పదార్థము ఇనుమును పట్టియుంచి, ప్రేగులు గ్రహింపకుండ అడ్డుపడును. పులియునపుడు ఆ ఫైటేటు కొంత విరిగి, ఉన్న ఇనుమే మనకు ఎక్కువగా అందును. లాభము నిజమే, ఇంద్రజాలము కాదు. మరియు చద్ది పెట్టుకొనువారు అన్నమును శుభ్రమైన పాత్రలో నీరు పోసి, ఒక చెంచాడు మజ్జిగ కలిపి ఉంచవలెను. పులుపు ఎక్కినచో చెడు సూక్ష్మజీవులు పెరుగుట కష్టము. వేసవిలో ఊరక మూతపెట్టి వదలిన పొడి అన్నము చద్ది కాదు, పాచి. అది వాంతులు తెప్పింపగలదు.

తరవాణికి పిమ్మట మన సీమ గర్వింపదగినది పెసరట్టు. గోదావరి పెసరట్టు రుచిని వర్ణించుట మా ఉద్దేశము కాదు. ఆ పని ఇదివరకే చాలమంది చేసియున్నారు. పెసలలో నూరు గ్రాములకు సుమారు 24 గ్రాముల మాంసకృత్తులుండగా బియ్యములో ఏడెనిమిది గ్రాములు మాత్రమే యుండును. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అను అంశము కొరత. అది పప్పుధాన్యములలో హెచ్చు. పప్పులలో కొరతగా నున్నది బియ్యమున దొరకును. కనుక గుప్పెడు బియ్యముతో రుబ్బిన పెసరపిండి ఒకదాని లోపమును మరియొకటి పూరించును. ఇడ్లీకిని ఈ న్యాయమే. కోనసీమలో అంబాజీపేట ప్రాంతమున పనసాకుల బుట్టలలో ఉడికించు పొట్టిక్కలకును, మినపపిండిని మందముగా పోసి సన్నని సెగపై కాల్చి చెరకు పానకముతో తిను దిబ్బరొట్టెకును ఇదియే న్యాయము. పొట్టు తీయని పెసలతో చేసిన అట్టుకు మరియొక మేలు కలదు. పెసలలో ఫోలేటు, అనగా ఫోలిక్ ఆమ్ల జాతికి చెందిన విటమిను, సమృద్ధిగా నుండును.

ఫోలిక్ ఆమ్లము పేరు చెప్పినపుడు భీమవరమున 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపకుండ ముందునకు పోలేము. స్ప్రూ యను వ్యాధి, తిన్నది ఒంట బట్టక రక్తము క్షీణించి మనుష్యుడు కృశించు వ్యాధి, ఆయన తోబుట్టువును బలిగొన్నది. ఆయననే మరణపుటంచుల దాక తీసికొనిపోయినది. ఆయుర్వేద చికిత్స చేసి కాపాడినవారు ఆచంట లక్ష్మీపతిగారు. 1923లో అమెరికాకు వెడలిన సుబ్బారావుగారు పిమ్మట లెడర్లీ సంస్థయందు పరిశోధనలకు నాయకత్వము వహించిరి. 1945లో ఆ బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసినది. అది స్ప్రూ వ్యాధికిని, కొన్ని విధములైన రక్తహీనతకును ఔషధమైనది. భీమవరపు బిడ్డ సముద్రములు దాటి ప్రయోగశాలలో నిర్మించిన వస్తువే భీమవరపు సంతలో పెసల రాశిలో సహజముగా నుండుట తలచుకొన్నప్పుడెల్ల మాకు అబ్బురముగా తోచును. ఆయన 1948లో పరదేశముననే కన్నుమూసిరి.

ఇక ఈ వ్యాసమునకు మూలమైన బాధను చెప్పుచున్నాము. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి సుమారు 59 మంది రక్తహీనులు. అనగా మన తరగతిలో రెండు బెంచీల మీద నలుగురు బాలికలు కూర్చున్నచో వారిలో ఇద్దరు రక్తహీనులై యుండుటకు అవకాశము కలదు. హిమోగ్లోబిను తక్కువైనచో మెదడునకు పోవు ప్రాణవాయువే తగ్గును. మెట్లెక్కిన ఆయాసము, పుస్తకము తెరచిన నిద్ర. మనము దానిని సోమరితన మందుము. ప్రభుత్వము 2013 మొదలు వారమున కొకసారి ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రను బాల బాలికలకు ఇచ్చు పథకమును నడపుచున్నది. మంచి పథకము. అయితే ఆ మాత్రను పరగడుపున మ్రింగినచో వికారము, కడుపునొప్పి కలుగును. ఒకసారి వాంతి చేసికొనిన బాలిక రెండవ వారము మాత్రను చున్నీ కొంగున దాచి, ఇంటికి పోవుదారిలో కాలువలో పారవేయును. తప్పు ఆ పిల్లది కాదు, మాత్రది కాదు. మాత్రకు ముందు పడవలసిన నాలుగు ముద్దలు పడలేదు.

ఆ లోటుమీద తేనీరు మరియొక పోటు. తేనీటిలోని టానిన్లు ఆహారములోని ఇనుమును పట్టుకొని వృథా చేయును. చాయ్ మన ఇండ్లలో ఆదరణకు చిహ్నము. దానిని మానుడని చెప్పు ధైర్యము మాకు లేదు, చెప్పినను వినువారు లేరు. తిండికిని తేనీటికిని నడుమ ఒక గంట యెడముంచిన చాలును. ఉడికించిన శనగల గుగ్గిళ్ళ మీద నిమ్మరసము పిండినచో, అందులోని సి విటమిను ఇనుమును గ్రహించుటకు తోడ్పడును. మొలకెత్తిన పెసలలోను ఆ విటమిను పుట్టును. ఖర్చు లేని ఉపాయములివి.

ఈ సందర్భమున కొందరు మిత్రులు, రంజాను మాసమున పగలెల్ల ఉపవసించియు విద్యార్థులు చదువుట లేదా అని మమ్ము అడిగిరి. ప్రశ్న సమంజసమే. రోజా పాటించు విద్యార్థి వేకువకు ముందే లేచి సహరీ భుజించును. ఆ వేళ ఇల్లెల్ల మేల్కొని రొట్టెయో, ఖిచిడీయో, గ్రుడ్డో, పెరుగో తలా ఒక వస్తువు వడ్డించుకొందురు. సహరీని విడువరాదని పెద్దలు పదేపదే చెప్పుదురు. మునిమాపున ఇఫ్తారు సిద్ధముగా నుండును. రెండు కొసలను భోజనము కాపాడుచున్న ఉపవాస మది. దానికొక సంకల్పము, ఒక నియమము, ఒక గడువు కలవు. బస్సు తప్పిపోవునను తొందరలో ఆకలిని మ్రింగి పరుగెత్తుటకు అవి ఏవియు లేవు. ఆశ్చర్యమేమనగా, రంజానులో మూడు గంటలకు లేచి బిడ్డకు వండి పెట్టు తల్లియే తక్కిన పదునొకండు మాసములలో 'వాడు ప్రొద్దుట తినడమ్మా' యని ఊరకుండును. ఆ శ్రద్ధలో పావుభాగము మిగిలిన దినములకు మళ్ళించినచో మన సమస్య సగము తీరును.

ఏమి తినవలెనను విషయమున మేము పెద్ద పట్టిక వ్రాయదలపలేదు. పిండిపదార్థ మొకటి, పప్పో గ్రుడ్డో పాలో ఒకటి, పండో ఆకుకూరయో ఒకటి చేరినచో చాలును. అనపర్తి, తణుకు ప్రాంతములు కోళ్ళ పరిశ్రమకు పేరుపడినవి. ఉడికించిన గ్రుడ్డు మనకు దూరపు వస్తువు కాదు. రావులపాలెము సంతనుండి అరటిగెలలు లారీలకెక్కి దూరదేశములకు పోవుచుండగా, ఆ దారినే బస్సులో వచ్చు విద్యార్థి ఒక చక్కెరకేళి తినక కళాశాల చేరుట విచారకరము. చోళ్ళ అంబలి మన మెట్ట ప్రాంతమువారి పూర్వపు ఆహారము. 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వము పాఠశాలలలో రాగిజావ నిచ్చుట మొదలిడినపుడు అది మరల గౌరవము పొందినది. హోటలు పూరీలు, మైదా పరోటాలు పండుగకు సరి, దినదినము వలదు.

పాఠశాలలలో ఆహారమనగా చిరకాలము మధ్యాహ్న భోజనమే. తమిళనాడు ప్రభుత్వము 2022 సెప్టెంబరులో ప్రాథమిక పాఠశాలలలో ఉదయాహార పథకమును ప్రారంభించినది. 2023 అక్టోబరులో తెలంగాణలోను అట్టిది ఆరంభింపబడినది. మన రాష్ట్రమున పాఠశాలల మధ్యాహ్న భోజనమునకు 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. 2025 జనవరిలో దానిని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకును విస్తరించిరి. లంకల గన్నవరమున వేళాపాళ లేక వచ్చిన బాటసారి కెల్ల, కులమడుగక, అన్నము పెట్టిన ఆ మహాసాధ్వి 1841లో జన్మించి 1909లో దివంగతురాలైరి. ఏటిరేవు దాటి వచ్చినవాడు ఏ వేళ తలుపు తట్టినను ఆ యింట అన్నము దొరకెడిదని నేటికిని చెప్పుకొందురు. నేడును ఏటిరేవు దాటి మన యొద్దకు వచ్చువారున్నారు. వారు వచ్చునది ఉదయము తొమ్మిది గంటలకు.

కావున కళాశాల పాలకవర్గము వారికి మా మనవి. మేము కోరునది భారీ వ్యయముతో కూడినది కాదు. రెండవ పీరియడ్ ముగియగానే ఇరువది నిమిషముల విరామ మిప్పించుడు. ఇప్పుడున్న పది నిమిషములలో చేతులు కడుగుకొనుటకే వరుస తెమలదు. ఆడపిల్లలు సిగ్గుపడక డబ్బా విప్పి తినుటకు గ్రంథాలయము ప్రక్కన ఖాళీగా నున్న గదిని, ఒక కుళాయితో సహా, కేటాయింపుడు. తెచ్చుకొనినది చద్దన్నమైనను ఎవరును పరిహసింపరాదని ఉపాధ్యాయులు ఒకమాట చెప్పవలెను. ఆ పరిహాసమునకు జడిసియే అనేకులు ఉత్తచేతులతో వచ్చుచున్నారు. ఇనుప మాత్రలను ప్రార్థనా సమయమున గాక ఈ విరామము తరువాత పంచవలెను. మన క్యాంటీనులో ఇప్పుడు దొరకునవి తేనీరు, బిస్కట్లు, సమోసాలు. వానితోపాటు ఉదయమున పెసరట్టుగాని గుగ్గిళ్ళుగాని, గ్రుడ్డు, అరటిపండు అసలు ధరకే అమ్మించినచో మేలు. గుత్తదారునకు తెల్లవారుజామున పని హెచ్చగునను అభ్యంతర మొకటి వినవచ్చినది. పెసలు రాత్రియే నానబోసి ఉంచుటకు వసతిగృహ విద్యార్థులు వంతులు వేసికొని సిద్ధముగా నున్నారు. ఆ వంతుల పట్టికను ఈ మనవితో జతపరచినాము.